దృగ్విషయం – శబ్దార్థ విచారం

ఇంద్రధనుస్సు ఒక దృగ్విషయం. ఎండమావి ఒక దృగ్విషయం. గ్రహణం, పిడుగు, అయస్కాంతం ఇనుమును ఆకర్షించడం, నీరు ఆవిరి కావడం – ఇవన్నీ దృగ్విషయాలేనని తెలుగు శాస్త్రగ్రంథాలు చెబుతాయి. విద్యార్థి ఈ మాటను పరీక్ష కోసం కంఠస్థం చేస్తాడు, పరీక్ష ముగియగానే మరచిపోతాడు. పెద్దలలో చాలామందికి ఇది పాఠ్యపుస్తకాల కోసం కూర్చిన కృత్రిమ పదం. కాని ఈ పదాన్ని విడదీసి చూస్తే అందులో రెండు ప్రాచీన శబ్దాలు కనిపిస్తాయి. ఒకటి ‘దృక్’, రెండవది ‘విషయం’. ఈ రెండింటి సంబంధాన్ని నిర్ణయించడమే వేదాంతశాస్త్రంలో ప్రథమ సోపానం.

ఇదే భావానికి సోదరభాషలు ఎన్నుకొన్న పదాలను పోల్చితే తెలుగు పదంలోని విశేషం తెలుస్తుంది. కన్నడంలో ‘విద్యమాన’ అంటారు. అనగా ఉన్నది, ఉనికి కలది. మలయాళంలో ‘ప్రతిభాసం’ అంటారు. అనగా తోచేది, ప్రకాశించేది. హిందీలో ‘పరిఘటన’ అనే మాట ఉంది, అనగా జరిగేది. మొదటి పదం వస్తువుకు సత్తను ఇచ్చింది. రెండవది దానిని తోపుగా చూపింది. మూడవది దానిని కాలంలో జరిగే క్రియగా భావించింది. తెలుగు పదం ఈ మూడింటిలో దేనినీ నిర్ణయించలేదు. అది ఉన్నదా, ఉన్నట్లు తోస్తున్నదా, జరుగుతున్నదా అని తీర్పు చెప్పకుండా, ‘చూపునకు విషయమైనది’ అని మాత్రమే పలికింది. చూచేవానిని విడిచి చూడబడే దానిని పేర్కొనడం ఈ పదానికి సాధ్యం కాదు. దీని సారమంతా ఇక్కడే ఉన్నది.

దృక్ – చూపు, చూచేవాడు

‘దృశ్’ ధాతువునకు ప్రేక్షణం, అనగా చూడడం, అర్థం. దృష్టి, దృశ్యం, దర్శనం, ద్రష్ట, ఆదర్శం, నిదర్శనం – ఇవన్నీ ఆ ఒక్క ధాతువు సంతానం. ‘దృశ్’ పదాంతంలో ‘దృక్’ అవుతుంది. దానికి వకారం పరమైనప్పుడు జశ్త్వసంధిచేత కకారం గకారంగా మారుతుంది. వాక్ + ఈశుడు వాగీశుడైనట్లు, దిక్ + విజయం దిగ్విజయమైనట్లు, దృక్ + విషయం దృగ్విషయం అయింది. ‘దృక్కునకు విషయమైనది’ అని షష్ఠీ తత్పురుష సమాసం.

దృక్ శబ్దానికి మూడు అర్థాలున్నాయి. కన్ను ఒకటి, చూపు రెండవది, చూచేవాడు మూడవది. సాధారణ వ్యవహారంలో మొదటి అర్థం చాలు. శాస్త్రప్రయోగంలో రెండవది అవసరం. వేదాంతం మూడవ అర్థాన్ని గ్రహిస్తుంది.

పాశ్చాత్యులు ఈ భావానికి వాడే ‘ఫినామినన్’ అనే మాట గ్రీకు భాషలోనిది. దాని మూలక్రియకు ‘కనిపించడం, వెలుగులోనికి రావడం’ అని అర్థం. ఆ క్రియకు మూలమైన ధాతువు, సంస్కృతంలోని ‘భా’ ధాతువు ఒకే ప్రాచీన మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు. భాతి, ప్రభ, భానుడు, ఆభాసం, ప్రతిభాసం అనే శబ్దాలలో ఉన్నది ఆ ‘భా’ ధాతువే. కనుక మలయాళంలోని ప్రతిభాసం గ్రీకు పదానికి ధాతురీత్యా దగ్గరి చుట్టం. ప్లేటో తన శిష్యులకు ఒక ప్రశ్న వేసినట్లు 6వ శతాబ్దికి చెందిన వ్యాఖ్యాత సింప్లీషియస్ తెలిపాడు. ఆకాశంలో గ్రహాలు క్రమం లేనట్లు తిరుగుతూ కనిపిస్తాయి. ఏ క్రమబద్ధమైన గతులను భావిస్తే ఆ కనిపించే గతులకు సమన్వయం కుదురుతుంది అన్నది ఆ ప్రశ్న. అప్పటినుండి ఆ పదం ఖగోళ పరిశీలనకు సన్నిహితమైంది. 1781లో జర్మన్ తత్త్వవేత్త కాంట్ దానికి కొత్త బరువును ఇచ్చాడు. మనకు గోచరించేది వేరు, తనంతట తాను ఉండే వస్తువు వేరు అని విభజించి, మానవజ్ఞానం మొదటి దానికే పరిమితమని వాదించాడు.

గ్రీకు పదంలో వెలుగు వస్తువు వైపు ఉన్నది. వస్తువు వెలుగులోనికి వస్తుంది, చూచేవాడు దానిని అందుకొంటాడు. తెలుగువారు స్వీకరించిన సంస్కృత సమాసంలో వెలుగు దృక్కుది. వస్తువు ఆ వెలుగు పరిధిలోనికి వచ్చినప్పుడే విషయమవుతుంది. అచ్చతెలుగులోని ‘కనబడు’ అనే క్రియ కూడ దాదాపు ఇదే చెబుతుంది. కనడం చూచేవాని పని, ఆ చూపునకు పట్టుబడడం వస్తువు వంతు. పండితులు సమాసంగా కూర్చిన భావాన్ని పామరులు నిత్యం నోటితో పలుకుతూనే ఉన్నారు.

విషయం – బంధించేది, పరిధి అయినది

‘విషయ’ శబ్దానికి శాస్త్రకారులు చెప్పిన వ్యుత్పత్తి ఆలోచింపదగినది. ‘వి’ ఉపసర్గ పూర్వకంగా, బంధనార్థకమైన ‘షిఞ్’ ధాతువునుండి దీనిని సాధించారు. ఏది విషయిని, అనగా తెలిసికొనేవానిని, తనకు కట్టివేసి తన ఆకారంతో అతని జ్ఞానాన్ని రంగరిస్తుందో అది విషయం. సాంఖ్యకారికలకు వ్యాఖ్య రచించిన వాచస్పతిమిశ్రుడు ఈ భావాన్నే విశదీకరించాడు. కుండను చూచినప్పుడు కలిగేది కుండ జ్ఞానం, వస్త్రాన్ని చూచినప్పుడు కలిగేది వస్త్ర జ్ఞానం. జ్ఞానం ఒకటే అయినా, ప్రతిసారీ దానికి పేరు పెట్టేది విషయమే. ఆ విధంగా విషయం తెలిసికొనేవానిని తనకు కట్టివేస్తుంది.

భగవద్గీత ద్వితీయాధ్యాయం ఈ బంధాన్ని మెట్టు మెట్టుగా చూపింది. విషయాలను పదేపదే ధ్యానించేవానికి సంగం కలుగుతుంది. సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం, క్రోధం వల్ల సమ్మోహం, దానివల్ల స్మృతిభ్రంశం, చివరకు బుద్ధినాశం. ఇక్కడ మొదటి మెట్టు చూడడం కాదని గమనించాలి. మొదటి మెట్టు ధ్యానించడం. కంటికి కనిపించడం దోషం కాదు, కనిపించిన దానికి మనసును కట్టివేసికోవడమే దోషం.

విషయ శబ్దానికి మరొక అర్థం ఉన్నది. దానికి సాక్ష్యం ఓరుగల్లు చరిత్రలోనే లభిస్తుంది. అమరకోశం రూప శబ్ద గంధ రస స్పర్శలను విషయాలని, గోచరాలని, ఇంద్రియార్థాలని పేర్కొన్నది. అదే కోశం భూమివర్గంలో దేశానికి, జనపదానికి కూడ ‘విషయం’ అనే పేరును ఇచ్చింది. ప్రాచీన దక్షిణాపథ శాసనాలలో విషయం అంటే ఒక పాలనా విభాగం, ఒక సీమ. కాకతీయ వంశీయుడైన మొదటి ప్రోలరాజు తన ప్రభువైన పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రైలోక్యమల్ల సోమేశ్వరుని వద్దనుండి ‘అనుమకొండ విషయాన్ని’ శాశ్వతాధికారంగా పొందినట్లు కాజీపేట దర్గా శాసనం తెలుపుతుంది. ఇది 11వ శతాబ్దపు సంగతి. తరువాత త్రిలింగ దేశమంతటికీ విస్తరించిన కాకతీయ సామ్రాజ్యానికి బీజం ఈ ‘విషయమే’. నేటి హనుమకొండ నాటి అనుమకొండ.

సీమకు, ఇంద్రియార్థానికి ఒకే పేరు ఎందుకు వచ్చింది? రాజుకు తన ఆజ్ఞ చెల్లినంత మేర విషయం. కంటికి తన చూపు చెల్లినంత మేర విషయం. రూపం కంటి సీమ, శబ్దం చెవి సీమ, గంధం నాసిక సీమ. ఒక ఇంద్రియపు ఆజ్ఞ మరొక ఇంద్రియపు సీమలో చెల్లదు. చెవి ఎంత ప్రయత్నించినా ఎరుపును వినలేదు. గోచర శబ్దం కూడ ఈ భావాన్నే మరొక చిత్రంతో చూపుతుంది. గోవులు సంచరించే మేత భూమి గోచరం. ‘గో’ శబ్దానికి ఇంద్రియమనే అర్థం కూడ ఉన్నది కనుక, ఇంద్రియాలు సంచరించే ప్రదేశం గోచరం. కఠోపనిషత్తు ఇంద్రియాలను గుర్రాలుగా, విషయాలను ఆ గుర్రాలు పరుగెత్తే బాటలుగా వర్ణించింది. బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఆత్మ రథి.

ఈ రెండు అర్థాలను కలిపి చూస్తే ‘విషయం’లోని చమత్కారం బోధపడుతుంది. సీమను పాలించేవాడు రాజు. కాని ఆ సీమపై మమకారం పెరిగితే అదే రాజును బంధిస్తుంది. విషయం ఏకకాలంలో పాలింపబడేది, బంధించేది. ఎవరు ఎవరిని ఏలుతున్నారనేది చూచేవాని వివేకంపై ఆధారపడి ఉంటుంది.

కన్ను ఒక్కటే దృక్కా?

ఇక్కడ ఒక ఆక్షేపం వస్తుంది. ఉరుము వినబడుతుంది, కనబడదు. వేడి తాకితే తెలుస్తుంది. విద్యుత్ప్రవాహం, అయస్కాంత క్షేత్రం ఏ ఇంద్రియానికీ నేరుగా అందవు. సూచిక కదలికనుబట్టి మాత్రమే తెలుస్తాయి. మరి వీటిని దృగ్విషయాలనడం ఎలా పొసగుతుంది?

సమాధానం సంస్కృత వాఙ్మయంలోనే ఉన్నది. దృశ్ ధాతువు కంటిచూపుతో ఆగదు, జ్ఞానమంతటినీ వ్యాపిస్తుంది. న్యాయ, సాంఖ్య, వేదాంతాది శాస్త్రాలకు ‘దర్శనాలు’ అని పేరు. వాటిని ఎవరూ కంటితో చూడరు. నిరుక్తకారుడైన యాస్కుడు ‘ఋషి’ శబ్దాన్ని దర్శనమనే అర్థంనుండి నిర్వచించాడు; ఋషులు మంత్రాలను దర్శించారని సంప్రదాయం. మంత్రం శబ్దరూపం. చెవికి చెందవలసిన దానిని ‘చూచినట్లు’ చెప్పడంలో పూర్వులకు విరోధం కనబడలేదు, ఎందుకంటే వారి దృష్టిలో దృక్ అంటే స్ఫుటమైన, అపరోక్షమైన తెలివి. ఆ విస్తృతార్థంలో ఉరుము కూడ దృగ్విషయమే, సూచిక కదలిక ద్వారా బుద్ధికి పట్టుబడిన విద్యుత్తు కూడ దృగ్విషయమే.

అయినా కంటికి ఒక ప్రత్యేక స్థానం ఉన్నది. అది సూర్యునితో ముడిపడినది. ఐతరేయోపనిషత్తు ప్రకారం ఆదిత్యుడు చూపుగా మారి కన్నులలో ప్రవేశించాడు. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు 1163లో ప్రతిష్ఠించిన వేయిస్తంభాల ఆలయం ఈ సందర్భంలో స్మరణీయం. అది త్రికూటాలయం, రుద్రేశ్వరునికి, వాసుదేవునికి, సూర్యదేవునికి మూడు గర్భాలయాలు ఒకే మండపానికి అభిముఖంగా ఉన్నాయి. హరిహరులతో సమంగా సూర్యునికి గర్భాలయం నిర్మించిన ఆ ప్రాంగణంలో నిలిచినవానికి కఠోపనిషత్తులోని ఒక ఉపమానం సులభంగా స్ఫురిస్తుంది. సూర్యుడు సమస్త లోకానికి కన్ను; అయినా కన్నులు చూచే బాహ్యదోషాలు సూర్యుని అంటవు. అట్లే సర్వభూతాంతరాత్మ ఒకటే అయినా, లోకదుఃఖం దానిని అంటదు. వెలుగు మలినాన్ని కూడ చూపుతుంది, తాను మలినం కాదు. దృక్కునకు ఇంతకంటె స్పష్టమైన లక్షణం లేదు.

దృగ్దృశ్య వివేకం

1323లో ఓరుగల్లు పతనమైంది. ప్రతాపరుద్రునితో కాకతీయ రాజ్యం అస్తమించింది. 1336లో విజయనగర స్థాపన జరిగిందని చరిత్ర. ఆ కాలంలోనే శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన భారతీతీర్థులు, విద్యారణ్యులు అద్వైత వాఙ్మయాన్ని సుసంపన్నం చేశారు. ‘దృగ్దృశ్య వివేకం’ అనే 46 శ్లోకాల చిన్న ప్రకరణగ్రంథాన్ని సంప్రదాయం వారికి ఆపాదిస్తుంది. దీనికే వాక్యసుధ అని మరొక పేరు. రాజ్యాలు కూలి, కొత్తవి లేస్తున్న శతాబ్దంలో మారని దానిని గురించిన విచారం అంత క్లుప్తంగా వెలువడడం గమనించదగినది.

ఆ గ్రంథపు విచారసరణి ఇది. రూపం దృశ్యం, కన్ను దృక్. కాని కన్ను మందమైనా, తీక్ష్ణమైనా, గుడ్డిదైనా ఆ సంగతి మనసుకు తెలుస్తుంది. కనుక మనసు దృక్, కన్ను దృశ్యం. మనసులోని కామం, సంకల్పం, సందేహం, శ్రద్ధ, ధైర్యం, లజ్జ మొదలైన వృత్తులన్నీ కూడ తెలియబడుతూనే ఉన్నాయి. కనుక మనసు దృశ్యం, సాక్షి దృక్. ఆ సాక్షి మరెవరికీ దృశ్యం కాదు. దానిని చూచేది మరొకటి ఉన్నదంటే, దానినీ చూచేది ఇంకొకటి కావలసివస్తుంది, ఆ పరంపరకు అంతముండదు.

శంకర భగవత్పాదులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని ఆరంభించడమే విషయ విషయుల భేదంతో ఆరంభించారు. ఈ రెండూ వెలుగు చీకట్లవలె పరస్పర విరుద్ధ స్వభావం కలవి. ఒకటి ‘నీవు’ అనే బుద్ధికి, మరొకటి ‘నేను’ అనే బుద్ధికి గోచరమయ్యేవి. అయినా లోకవ్యవహారమంతా వీటిని ఒకదానిపై ఒకటి ఆరోపించుకొని సాగుతున్నది. నేను లావుగా ఉన్నాను, నేను గుడ్డివాడను, నేను దుఃఖితుడను అనే ప్రతి వాక్యంలో దృశ్యధర్మం దృక్కుకు అంటగట్టబడింది. ఇదే అధ్యాస.

ఈ దృష్టితో చూస్తే పాఠ్యపుస్తకంలోని ‘దృగ్విషయం’ అనే పదం ఆశ్చర్యకరమైన హెచ్చరికగా మారుతుంది. సాధకునికి దేహపు నొప్పి ఒక దృగ్విషయం. కోపం ఒక దృగ్విషయం. జపకాలంలో కలిగే ఆనందబాష్పాలు, ధ్యానంలో తోచే జ్యోతులు, వినబడే నాదాలు – ఇవి కూడ దృగ్విషయాలే. దుఃఖాన్ని దృశ్యమని గ్రహించడం కొంత సులభం, ఎందుకంటే దానిని వదలించుకోవాలని అందరూ కోరుతారు. దివ్యానుభవాన్ని దృశ్యమని గ్రహించడమే కష్టం. వచ్చినది పోతుంది, పోయిన దానికోసం సాధకుడు పరితపిస్తాడు. తెలియబడినది ఎంత మహత్తరమైనా, అది తెలిసికొనేవాడు కాజాలదు.

యశోద సందేహం

ఈ విచారాన్ని తెలుగువారికి కథగా అందించినవాడు పోతన. పూర్వపు వరంగల్ జిల్లాలో, నేటి జనగామ జిల్లాలో ఉన్న బమ్మెర గ్రామంతో ఆ మహాకవి పేరు ముడివడి ఉన్నది. 15వ శతాబ్దిలో ఆయన రచించిన ఆంధ్ర మహాభాగవతం దశమస్కంధంలో బాలకృష్ణుడు మన్ను తిన్న ఘట్టం అందరికీ తెలిసినదే. యశోద నోరు తెరిపించి చూచింది. సముద్రాలు, పర్వతాలు, అరణ్యాలు, భూగోళం, సూర్యచంద్రులు, దిక్కులు కనిపించాయి. తన వ్రేపల్లె కనిపించింది. తానూ కనిపించింది.

ఆ క్షణంలో యశోదకు కలిగిన ఆలోచన తత్త్వదృష్టితో అమూల్యమైనది. ఇది కలా? విష్ణుమాయా? లేక దీనికి వేరొక అర్థమున్నదా? నా బుద్ధి సరిగా ఉన్నదా? అసలు నేను యశోదనేనా? ఇది నా ఇల్లేనా? ఇట్లు ఆమె ప్రశ్న కనిపించిన దానినుండి కనిపించే తీరుకు, అక్కడినుండి చూచే తనవైపునకు మరలింది. దృశ్యంతో మొదలై దృక్కు వద్దకు చేరింది. చూడబడుతున్న విశ్వంలో చూచే తానుకూడ ఉండడమే ఆమెను కలవరపెట్టింది. ద్రష్ట దృశ్యంలో భాగమై కనిపిస్తే ఇక చూస్తున్నది ఎవరు?

ఆమె ఆ ప్రశ్నకు తార్కిక సమాధానం వెదకలేదు. ఈ బాలుడు సర్వాత్మకుడైన విష్ణువని నిశ్చయించి శరణాగతి పొందింది. పిదప వైష్ణవమాయ ఆవరించగా, మరల తల్లియై బిడ్డను ఒడిలోనికి తీసికొన్నది. జ్ఞానమార్గీయులు ప్రశ్నతో సాక్షిని చేరుతారు. భక్తుడు ఆ సాక్షిని ఒడిలో పెట్టుకొంటాడు. విశ్వరూపం కంటె ఒడిలోని బిడ్డ తక్కువ దృగ్విషయమని భాగవతం చెప్పలేదు.

శాస్త్రభాషలో ప్రవేశం

ఈ పదం ఆధునిక శాస్త్రభాషలో స్థిరపడడం వెనుక తెలుగు భాష తన స్థానంకోసం చేసిన దీర్ఘ ప్రయత్నం ఉన్నది. నిజాం పాలనలో ఉన్నత విద్యకు, అధికార వ్యవహారానికి తెలుగు దూరమై ఉండేది. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. అట్టి పరిస్థితిలో గ్రంథాలయాలే తెలుగుకు ఆశ్రయమిచ్చాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. 1906లో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతులు నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, ప్రకృతిశాస్త్రాలను తెలుగులో ప్రచురించి, శాస్త్రార్థాన్ని మన భాషలో చెప్పవచ్చునని నిరూపించింది.

1968లో తెలుగు అకాడమి ఏర్పడి, కళాశాల స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో సిద్ధం చేసే బాధ్యతను స్వీకరించింది. దాని తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఆయన జన్మస్థలం వరంగల్ జిల్లా నర్సంపేట ప్రాంతంలోని లక్నేపల్లి. శాస్త్రపదాలకు ఒక సమానార్థకాన్ని నిలపవలసినప్పుడు పండితులు సంస్కృత ధాతువులను ఆశ్రయించడానికి కారణం ఉన్నది. ఒక్క ధాతువునుండి ఉపసర్గ, ప్రత్యయ, సమాసాల సహాయంతో ఒక కుటుంబమంతటినీ నిర్మించవచ్చు. దృగ్విషయం, దృక్కోణం, దృక్పథం, దృశ్యకాంతి, పరిదర్శని – ఇవన్నీ ఒక ఇంటివే.

‘సంఘటన’ అనే మాట ఉండగా దృగ్విషయం ఎందుకు అనే ప్రశ్నకు ఒక గ్రహణం సమాధానం చెబుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగునేలపై కనిపించింది. ఫ్రెంచి ఖగోళవేత్త జాన్సెన్ దానిని గుంటూరు నుండి వర్ణపటదర్శినితో పరిశీలించాడు. ఆ ఒక్క నాటి గ్రహణం ఒక సంఘటన. ఒకసారి జరిగింది, ముగిసింది. సూర్యచంద్ర భూగతుల వల్ల మరల మరల కలిగే గ్రహణమనే స్వభావం దృగ్విషయం. ఆ సంవత్సరంలోనే సౌరకాంతిలో గుర్తించిన ఒక పసుపుపచ్చని గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దానికి కారణమైన హీలియం 1895లో భూమిపై దొరికింది. ముందు చూపు, తరువాత పేరు, ఆ తరువాత కారణం – శాస్త్రం నడిచే బాట ఇది.

ఈ బాట భారతీయ జ్యోతిషానికి అపరిచితం కాదు. గణితఫలం ఆకాశంలో కనిపించే స్థితితో ఏకీభవించాలనే నియమానికి ‘దృక్తుల్యత’ అని పేరు. కేరళ గణితజ్ఞుడు పరమేశ్వరుడు తన పరిశీలనల ఆధారంగా 1431లో రచించిన గ్రంథానికి ‘దృగ్గణితం’ అనే నామం ఉంచాడు. నేటికీ ఉగాదికి పంచాంగం కొనేవారు అది దృక్సిద్ధాంతమా, పూర్వసిద్ధాంతమా అని అడుగుతారు. కనుక ‘దృక్’ శబ్దం శాస్త్రభాషలోనికి కొత్తగా వచ్చిన అతిథి కాదు.

అద్భుతం, హేతువు, సాక్షి

ఇంతటి సామ్యం చూచినప్పుడు, ఆధునిక భౌతికశాస్త్రమంతా మన పూర్వులకు ముందే తెలుసునని ప్రకటించాలనే ఉత్సాహం కొందరికి కలుగుతుంది. అది శాస్త్రానికీ న్యాయం కాదు, వేదాంతానికీ న్యాయం కాదు. శాస్త్రం ఒక దృశ్యానికి మరొక దృశ్యంతో గల కార్యకారణ సంబంధాన్ని విచారిస్తుంది. వేదాంతం సమస్త దృశ్యానికి దృక్కుతో గల సంబంధాన్ని విచారిస్తుంది. ప్రశ్నలు వేరు, ప్రమాణాలు వేరు. పదం ఒకటే అయినంత మాత్రాన విచారం ఒకటి కాదు.

పాలంపేటలోని రామప్ప దేవాలయం దీనికి చక్కని ఉదాహరణ. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో నిర్మించిన ఈ రుద్రేశ్వరాలయం 2021లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. దాని విమాన శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలుతాయి. మొదటిసారి విన్నవాడు దీనిని అద్భుతమంటాడు. పరీక్షించినవాడు, ఇటుకలో సన్నని రంధ్రాలు నిండి ఉండడం వల్ల అది తన పరిమాణానికి సరిపడే నీటికంటె తేలికగా ఉన్నదని, శిఖరభారం తగ్గించడానికే శిల్పులు దానిని ఎన్నుకొన్నారని వివరిస్తాడు. అద్భుతం దృగ్విషయంగా మారింది. అయినా శిల్పుల ప్రజ్ఞపై గౌరవం తగ్గలేదు, పెరిగింది. హేతువు తెలిస్తే భక్తి తగ్గుతుందనే భయం నిరాధారం. ఇటుక తేలడంపై నిలిచిన భక్తి హేతువు తెలియగానే మునుగుతుంది. గర్భాలయంలోని రుద్రేశ్వరునిపై నిలిచిన భక్తికి ఇటుక బరువుతో సంబంధం లేదు.

మూడవ చూపు ఒకటి మిగిలి ఉన్నది. అద్భుతమని ఆశ్చర్యపడిన మనసు, హేతువు తెలిసి తృప్తి చెందిన మనసు – రెండూ ఎవరికి తెలిశాయి? ఆశ్చర్యం వచ్చిపోయింది, తృప్తి వచ్చిపోయింది. రెండింటికీ సాక్షియైనది వచ్చినదీ కాదు, పోయినదీ కాదు. దానికి హేతువు వెదకనవసరం లేదు. వెదకే బుద్ధికి వెలుగును ఇస్తున్నది అదే.

ప్రపంచాన్ని దృశ్యమని వేదాంతం చెప్పినప్పుడు, అది ప్రపంచాన్ని తృణీకరించిందని పలువురు పొరపడతారు. దృగ్విషయమనే పదం ఆ భ్రమను తొలగించడానికి సహకరిస్తుంది. దృశ్యాన్ని లేదనడం దాని ఉద్దేశం కాదు, దృశ్యం స్వతంత్రమనడమూ దాని ఉద్దేశం కాదు. విషయం దృక్కు సీమలో నిలిచి ఉన్నదని మాత్రమే అది చెబుతుంది. అనుమకొండ విషయం కాకతీయులదైంది, చేతులు మారింది, పేరు మారింది. ప్రతి విషయానికీ అదే గతి. తన సీమను తానని భ్రమించిన రాజు సీమతోపాటు నశిస్తాడు. సీమను సీమగా తెలిసికొని ధర్మంగా పాలించినవాడు దానికి బద్ధుడు కాడు.

ఇంద్రధనుస్సును చూపి బిడ్డకు ‘ఇది దృగ్విషయం’ అని చెప్పేటప్పుడు, ఆ పదంలోని రెండవ సగాన్ని ఉపాధ్యాయుడు వివరిస్తాడు. మొదటి సగాన్ని వివరించడం గురువు పని. రెండూ ఒకే మాటలో కలిసి ఉండడం తెలుగువారి భాగ్యం.

స్వస్తి.